దాగుడుమూతలని చెప్పిన యుద్ధం

పోయిన నెలలో మా వీధి చివరనున్న బడిలో పట్టపగలు సైరన్ మోగింది. వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నదాన్ని చేతిలో కాయతోనే లేచి నిలబడ్డాను, ఆ తర్వాత కాళ్ళు ఎటు తిరిగాయో నాకే తెలియదు, చూసుకునేసరికి మనవడి గదిలో కిటికీ రెక్కలు బిగించి మూస్తున్నాను. మా కోడలు పరుగున వచ్చి నా భుజం పట్టుకుని, ఏమీ లేదత్తయ్యా, యుద్ధం వస్తే ఎలా మసలుకోవాలో పిల్లలకు నేర్పుతున్నారట, పొద్దున్నే ఫోనులో కబురు పెట్టారు, మీతో చెప్పడం మర్చిపోయాను అంది. అప్పుడుగాని నేను చేతిలో కాయను కింద పెట్టలేదు.

సాయంత్రం మనవడు బడి నుంచి వచ్చి, సంచీ మూలకు విసిరేసి, ఆ ముచ్చటంతా నవ్వుతూ చెప్పాడు. సైరన్ మోగగానే అందరూ బల్లల కింద దూరాలట, చప్పుడు చేయకుండా ఎవరు ముందు దూరితే వాళ్ళు గెలిచినట్టట, వాళ్ళ టీచరమ్మ ఇదొక ఆట అని చెప్పిందట, వీడు రెండోవాడుగా గెలిచాడట. ఆట అన్న ఆ ముక్కను వాడి చేత మళ్ళీ చెప్పించుకున్నాను. నాన్నమ్మా నువ్వెప్పుడైనా యుద్ధం చూశావా అని వాడు అడిగాడు, వాడి వెనక నిలబడ్డ కోడలు వద్దని కళ్ళతో సైగ చేసింది, నేను ముందు ఉప్మా తిను అని మాట తప్పించాను. కోడలు మంచి పిల్లే. వీడసలే పిరికి సన్నాసి, ఇప్పటినుంచే ఆ సంగతులన్నీ ఎందుకని ఆమె బెంగ. మామూలుగా ఆమె ఒకటంటే నేను రెండంటాను గాని, ఈ ఒక్క విషయంలో ఆమెను కాదనడానికి నాకు నోరు రాలేదు.

నా ఈడువాళ్ళు చాలామంది ఇదే ఇరకాటంలో ఉండి ఉంటారు. మన పెద్దవాళ్ళు చూసిన యుద్ధాలు మనతోనే పోతే పోనీ అనుకోవాలో, పసివాళ్ళ చెవిన వేయాలో తెలియక మింగలేక కక్కలేక ఊరుకుంటాం. నేనొకసారి ఊరుకోకుండా చెప్పినదాన్ని. దానివల్ల మంచి జరిగిందో చెడు జరిగిందో ముప్పై ఏళ్ళు దాటినా తేల్చుకోలేకపోతున్నాను గనుకనే ఇదంతా రాస్తున్నాను.

మాది కాకినాడకు దిగువన సముద్రపు వార ఊరు. మా వైపు పాతకాలం వాళ్ళు బర్మాలోని రంగూన్ పట్నాన్ని రంగం అనేవారు, రంగం వెళ్ళి నాలుగు రాళ్ళు వెనకేసుకురావడం అప్పట్లో మొన్నమొన్నటి దుబాయి ప్రయాణం లాంటిదే. ముందుగా ఓడ మీద తిరిగొచ్చినవాళ్ళ ఇళ్ళలో టేకు పెట్టెలు, నగిషీ బరిణెలు ఉండేవి, మా చిన్నతనంలో వాటిని తాకనిస్తే అదే గొప్ప. మా అమ్మమ్మ ఇంట్లో మాత్రం రంగం నుంచి వచ్చిన వస్తువు ఒక్కటి కూడా లేదు, ఎందుకు లేదని మేమెవరమూ అడగలేదు. ఉన్నదల్లా ఒక ఆచారం. సంతకైనా, తీర్థానికైనా, పెళ్ళికైనా, జనంలోకి అడుగుపెట్టాలంటే మా అమ్మమ్మ తన కొంగు చివరను మాలో అందరికన్నా చిన్న పిల్ల మణికట్టుకు రెండు చుట్లు తిప్పి గట్టిగా ముడివేసేది. మా అమ్మ దానికి ఇంకొంచెం చేర్చి ముడి మీద పసుపు బొట్టు కూడా పెట్టేది. ఇదేమిటని ఎవరైనా అడిగితే, మా ఇంటి ఆడవాళ్ళు అమ్మవారికి మొక్కుకున్న మొక్కని చెప్పేవారు. నేను కాపురానికి వెళ్ళి, కొడుకును కన్నాక, మా అత్తవారి ఊరి తీర్థంలో వాడి చేతికి కొంగు ముడివేసి పసుపు పెడితే మా ఆడపడుచులు పడీపడీ నవ్వారు. నేను మాత్రం అమ్మవారికి కోపం వస్తుందని ముడి విప్పలేదు.

కొడుకును మా అమ్మ దగ్గర వదిలి నేను బహ్రెయిన్‌కు ఇంటిపనికి వెళ్ళడం ఖాయమైనప్పుడు, మా అమ్మమ్మ నన్ను పెరట్లోకి పిలిచి కూర్చోబెట్టుకుంది. చింతపండు పిక్కలు తీస్తూ, నా ముఖం వంక చూడకుండా, అంత జీవితంలో ఎన్నడూ ఎత్తని మాట ఎత్తింది. రెండో ప్రపంచ యుద్ధంలో రంగం మీద బాంబులు పడ్డప్పుడు ఆమె అక్కడే ఉందట, తాతయ్య రేవులో బియ్యం బస్తాలు మోసేవాడట. విమానాలు వస్తుంటే అవేమిటో తెలియక జనం వీధుల్లోకొచ్చి తలలెత్తి చూశారట, చూస్తూ చూస్తూనే పోయారట. ఓడల్లో చోటు దొరకనివాళ్ళంతా కొండలూ అడవులూ పట్టి నడిచి వచ్చారట. మా అమ్మ అప్పటికి కాస్త పెద్దపిల్ల గనుక తాతయ్య వెనక నడిచేది, నాలుగేళ్ళ చిన్నపిల్ల అమ్మమ్మ కొంగు పట్టుకుని నడిచేది. ఒక ఏరు దాటే చోట వెనకనుంచి జనం తోసుకొచ్చారట. ఒడ్డెక్కి చూసుకుంటే కొంగు ఉంది, పిల్ల లేదు. తాతయ్య వెనక్కి వెళ్ళి వెతికాడట, ఎంత వెతికినా లాభం లేకపోయింది, ఆగినవాళ్ళు ఆగినచోటే కలరాతో పోతున్నారు గనుక మిగిలిన పిల్లనైనా బతికించుకోవాలని కదిలి వచ్చేశారట.

ఇదంతా చెప్పి అమ్మమ్మ ఒక్క మాటే అంది. "సెయ్యి పట్టుకుంది కదాని నమ్మేనే. పట్టుకోడం ఏరు, కట్టుకోడం ఏరు." ఆ తర్వాత పిక్కలు చేటలో పోసి లేచిపోయింది, మళ్ళీ ఆ ఊసు ఎత్తనివ్వలేదు. మా ఇంట్లో మొక్కనుకున్నది మొక్కు కాదని, నాకు పిన్ని కావలసిన ఒక పిల్ల నాలుగేళ్ళకే ఏ ఏటి ఒడ్డునో తప్పిపోయిందని నాకు ఇరవయ్యయిదో ఏట తెలిసింది. మా అమ్మకు అన్నీ తెలిసే ఆ ముడి మీద పసుపు పెడుతూ వచ్చిందన్న ఆలోచన నన్ను విమానంలో కూడా వదల్లేదు.

బహ్రెయిన్‌లో నేను పనిచేసిన ఇంట్లో మేడమ్ది నా వయసే, మహా అయితే ఒక ఏడు చిన్న. ఏడేళ్ళ కూతురు, చంకన పిల్లాడు, మంచి మనిషైన అత్తగారు, బ్యాంకులో పనిచేసే భర్త. నేను పొడుగు గౌను వేసుకుని తలమీద చున్నీ కప్పుకుని తిరిగేదాన్ని, చీర కట్టుకునే వీలు శుక్రవారం సెలవు దొరికితేనే. పాపకు నేనంటే ప్రాణం, నా దగ్గర తెలుగు ముక్కలు నేర్చుకుని వాళ్ళ నాన్నమ్మను ఏడిపించేది, పెరుగన్నం కావాలని నా గదికి వచ్చి కూర్చునేది. నేను వదిలి వచ్చిన కొడుకు మీది మమకారమంతా ఆ పిల్ల మీద పోశానంటే అబద్ధం కాదు.

తొంభైలో ఇరాక్ వాళ్ళు కువైట్‌లోకి వచ్చారు, తొంభై ఒకటి మొదట్లో యుద్ధం మొదలైంది. మా ఆయన కూడా బహ్రెయిన్‌లోనే, నువైద్రాత్ అనే ఊరి దగ్గర ఒక కంపెనీ క్యాంపులో ఉండేవాడు. ఇంటికి పోదామని నేను ఫోనులో ఏడిస్తే, "ఆళ్ళూ ఆళ్ళూ కొట్టుకుంటే మధ్యలో మనకేంటే, బాంబుకి మన క్యాంపు రూమ్ నంబరు తెలుసా?" అని నన్నే ఆట పట్టించాడు. ఆంబోతులు పోట్లాడుకుంటే మధ్యన లేగదూడల కాళ్ళు విరుగుతాయన్న సంగతి పుట్టుకతో పల్లెటూరివాడికి నేను చెప్పాలా? అయినా ఆయన మాత్రం ఏం చేస్తాడు, పాస్‌పోర్టులు మమ్మల్ని పనికి రప్పించుకున్న కఫీళ్ళ దగ్గర ఉన్నాయి, తొందరపడి పోతే మళ్ళీ రానిస్తారన్న నమ్మకం లేదు.

ఇంట్లో ఒక లోపలి గది చూసి, కిటికీలకు ప్లాస్టిక్ కాగితం పరిచి అంచులన్నీ టేపుతో అతికించాం, తలుపు సందులో కుక్కడానికి తడిబట్టలు సిద్ధంగా పెట్టాం. విషవాయువు వస్తుందని ముఖానికి తొడుక్కునే మాస్కులు తెచ్చారు, అవి ఇంటివాళ్ళ మటుకే దొరికాయి, నాకు తడి తువ్వాలు. బళ్ళు మూసేశారు. పాపకు ఏమని చెప్పాలన్న ప్రశ్న వచ్చింది. మేడమ్ పెద్ద చదువు చదివింది, ఓర్పుగలది, పిల్లల్ని భయపెట్టకూడదని గట్టిగా నమ్మేది. సైరన్ మోగితే అది దాగుడుమూతల ఆట అని, అందరం పరుగెత్తి ఆ గదిలో దాక్కోవాలని, గెలిచినవాళ్ళకు చాక్లెట్ అని పాపకు చెప్పి, మమ్మల్నందరినీ అదే మాట మీద ఉండమంది. అత్తగారు ఏదో అనబోయి ఊరుకుంది. నాకూ అది తెలివైన పనిగానే తోచింది. మొదట్లో సైరన్ మోగినప్పుడల్లా పాప కేరింతలు కొడుతూ అందరికన్నా ముందు గదిలోకి ఉరికేది, మాస్కు పెట్టుకుని ఏనుగునంటూ ఊగేది, మేమూ నవ్వేవాళ్ళం.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలు అయ్యాక సైరన్ మోగింది. అయ్యగారు ఇంట్లో లేరు. అత్తగారు పిల్లాణ్ణి ఎత్తుకుని గదిలోకి వెళ్ళిపోయింది, మేడమ్ వెళ్ళింది, నేను వెళ్ళాను, పాప రాలేదు. పిలిచాం. పలకలేదు. మేడమ్ మంచాల కింద, అల్మారాల్లో, బాత్‌రూముల్లో వెతికింది, నేను మిద్దె మీదికి పరుగెత్తాను. దాగుడుమూతల్లో ఎవరైనా పిలిస్తే పలుకుతారా? పలికితే ఓడిపోయినట్టే కదా. ఆ మాట మా ఇద్దరికీ ఒకేసారి తట్టింది, మెట్ల దగ్గర ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం, మేడమ్ మాస్కు పీకి విసిరేసి, ఆట కాదు, ఆట కాదు అని అరబ్బీలో అరవసాగింది. ఆమె అరిచినకొద్దీ పిల్ల ఇంకా బిగుసుకుని దాక్కుంటుందని నాకు తెలుస్తూనే ఉంది. లోపల్నుంచి అత్తగారు చంటివాడి కోసం తలుపు మూయమని అరుస్తోంది, మూస్తే పాప బయట, మూయకపోతే లోపలున్న పిల్లాడికి ముప్పు. మేడమ్ తలుపు మీద చెయ్యి వేసి అటూ ఇటూ చూసిన ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. చివరికి తలుపు తానే మూసి, తాను బయట నిలబడింది.

ఏమీ పడలేదు. ఆపద తప్పిందని చెప్పే సైరన్ మోగింది. వాకిట్లో కారు మీద కప్పిన గుడ్డ కదిలి, వెనక సీటు కింద నుంచి పాప బయటికొచ్చి చప్పట్లు కొట్టింది, నన్నెవరూ పట్టుకోలేకపోయారు, నేనే గెలిచాను అంది. మేడమ్ ఎన్నడూ లేనిది పిల్లను చెంప మీద కొట్టింది, కొట్టి అక్కడే నేలమీద కూలబడి ఏడ్చింది. పాపకు ఎందుకు కొట్టారో అర్థం కాలేదు, చాక్లెట్ అడిగింది.

ఆ సాయంత్రం మేడమ్ నా రెండు చేతులూ పట్టుకుని, మా ఇద్దరికీ సగం సగం వచ్చిన హిందీలో, ఇకనుంచి పాప నీ చేతిలోనే ఉంది, సైరన్ మోగితే ఏమైనా సరే చెయ్యి వదలొద్దు అంది. నాకు తెలిసింది ఒకటే పద్ధతి. నా చున్నీ చివరను పాప మణికట్టుకు రెండు చుట్లు చుట్టి ముడివేశాను. పాప తీయమని గింజుకుంది, ఇది ఏ ఆట అని అడిగింది. మళ్ళీ ఆట అనడానికి నాకు మనసొప్పలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, మాకు వచ్చిన ముక్కలతో, రంగం సంగతి చెప్పాను. విమానాలు, నడక, ఏరు, కొంగు పట్టుకున్న నాలుగేళ్ళ పిల్ల. పాప కళ్ళార్పకుండా విని, తర్వాత ఆ పిల్ల ఏమైందని అడిగింది. కనిపించలేదని చెప్పాను. ఇంకెప్పటికీనా అంది. ఇంకెప్పటికీ అన్నాను. ఆ చివరి మాట చెప్పకుండా ఉండాల్సిందేమోనని ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ కథ మధ్యలో ఆపి, అమ్మ వచ్చి ఎత్తుకుందని అబద్ధం చెబితే, మా పిన్నిని రెండోసారి ఏట్లో వదిలేసినట్టే కదా అనిపించింది.

ఆ రోజు నుంచి పాప గోల చేయలేదు. సైరన్ మోగితే తానే వచ్చి చెయ్యి చాచేది, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసుకునేది. మేడమ్ ఎంతో సంతోషించింది, ఏం మంత్రం వేశావని నన్ను మెచ్చుకుంది. నేనేం చెప్పానో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

యుద్ధం అయిపోయింది. కిటికీల ప్లాస్టిక్ పీకేశాం, టేపు జిగురు ఎంత రుద్దినా వదల్లేదు. కువైట్‌లో నూనె బావులు తగలబడుతున్న పొగ మా మీదికి కూడా వచ్చి పగటిపూటే మసకగా ఉండేది, ఆరేసిన తెల్లబట్టల మీద నల్లటి నలుసులు రాలేవి, నేను వాటినే మళ్ళీ మళ్ళీ ఉతికేదాన్ని. బళ్ళు తెరిచారు. పాప బడికి వెళ్ళనంది. నా చున్నీ చివర చేతికి చుట్టుకోకుండా నిద్రపోదు, తమ్ముడెక్కడ తమ్ముడెక్కడ అని గడియకోసారి అడుగుతుంది, రొట్టెముక్కలు దిండు కింద దాస్తుంది. పొగ చూసి బెదిరిందిలే, నాలుగు రోజుల్లో అదే సర్దుకుంటుందని అందరూ అన్నారు. నేనూ అలాగే తల ఊపాను గాని, ఆ పిల్లను పట్టుకున్నది పొగ కాదని నాకు తెలుసు.

ఒక శుక్రవారం బంధువులతో కలిసి జల్లాఖ్ సముద్రపు ఒడ్డుకు వెళ్ళాం, అంతమంది నవ్వుకుంటూ బయటికి రావడం చాలాకాలానికి అదే మొదలు. పిల్లలంతా నీళ్ళలోకి పరుగెత్తారు. పాప తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చుంది, చున్నీ ఒక చివర తన చేతికి కట్టుకుంది, దాని అంచునే ఇంకా లాగి పిల్లాడి చేతికి కూడా చుట్టడానికి చూస్తోంది. అది చూసి పిల్లలు వెక్కిరించారు. అయ్యగారు నవ్వుతూ వచ్చి, యల్లా యల్లా, పద పద అంటూ ముడి విప్పేసి పాపను ఎత్తుకుని నీళ్ళలోకి తీసుకుపోయాడు, ఆయనకు పాపం ఏం తెలుసు. నీళ్ళు కాళ్ళకు తగిలేసరికి ఆ పిల్ల పెట్టిన కేక ఒడ్డున ఉన్నవాళ్ళందరినీ లేపి నిలబెట్టింది. తండ్రి భుజం కరిచింది, వాంతి చేసుకుంది, తెచ్చి ఇసుకలో దించితే వచ్చి నన్ను వాటేసుకుని, వాళ్ళమ్మ అడుగుతుంటే వెక్కుతూ వెక్కుతూ మొత్తం చెప్పేసింది. నేను నాలుగు ముక్కల్లో చెప్పిన కథ ఆ పిల్ల నోట వాళ్ళ భాషలో ఎంత పొడవు పెరిగిందో! నాకు అర్థమైనంత వరకు, అందులో తప్పిపోయిన పిల్ల ఇంకా ఏట్లోనే నిలబడి అమ్మను పిలుస్తోంది.

మేడమ్ ఇసుకలో కూర్చుని అంతా వింది. అరవలేదు, తిట్టలేదు. నా వంక చూసి, "ఖలాస్" అంది, ఇక చాలని, అంతే. మర్నాడు తన పినతల్లి కూతురి ఇంట్లో నాకు పని కుదిర్చి, కాగితాలు మార్పించి, తానే దింపి వెళ్ళింది. ఇంటికి పంపేయగలిగీ పంపలేదు, ఆ మేలు నేను మర్చిపోకూడదు. కానీ కారు దిగుతున్నప్పుడు ఆమె అన్నమాట కూడా మర్చిపోలేదు. యుద్ధం అందరికీ అయిపోయింది, నా కూతురికి ఒక్కదానికే నువ్వు అవ్వనివ్వలేదు అంది. మా ఆయనకు చెబితే, "నీ నోరు ఊరుకోదు కదా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. చెయ్యి వదలొద్దన్నది వాళ్ళు, ఆట అన్నది వాళ్ళు, నిజం చెప్పినదాన్ని నేను పాపిష్టిదాన్నయ్యాను. ఒళ్ళు మండటం తగ్గాక మాత్రం, పెరుగన్నం కోసం వచ్చి కూర్చునే ఆ పిల్ల ముఖం గుర్తొచ్చి, నేను పెట్టింది అన్నమా విషమా అని ఎన్నో రోజులు కుమిలిపోయాను.

మొదటి సెలవుకు ఊరు వెళ్ళినప్పుడు అమ్మమ్మ బతికే ఉంది. భయపడుతూనే చెప్పాను, నా సంగతి ఎవరికి చెప్పమన్నానే అని కోప్పడుతుందనుకున్నాను. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అంతా విని, ఒక్కటే అడిగింది. "ఇప్పుడా పిల్ల సెయ్యొదిలెయ్యదు కదా? మరింకేటే, బతికేత్తాది." ఒకే పనికి ఒక తల్లి శాపం పెట్టింది, ఒక తల్లి దీవించింది. ఇద్దరూ పిల్లల కోసమే అన్నారు. ఇందులో ఎవరిది తప్పని చెప్పను? మరుసటి సెలవుకు వెళ్ళేటప్పటికి అమ్మమ్మ లేదు.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు అక్కడే ఉన్నాను. ఇక పని చాలించుకుని వచ్చేసే ముందు, గుదైబియా బజారులో మనవాళ్ళు నడిపే ఒక టైలరు దుకాణానికి నేను పనిచేసే ఇంటివాళ్ళ బట్టలు తీసుకోవడానికి వెళ్ళాను. బల్ల దగ్గర బట్ట ఎంచుకుంటున్న మనిషి తల తిప్పి చూసింది, మేడమే. నేను తప్పుకుపోదామనుకున్నాను, ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది, పక్కనున్న కెఫెటీరియాలో టీ తెప్పించింది. పాప గురించి అడగాలని ఉంది, అడిగే ముఖం లేదు. ఆమే చెప్పింది. పాప నాకన్నా పొడుగు పెరిగింది, బాగా చదువుతుంది, ఈత కూడా వచ్చు. బడిలో రెండు ప్రపంచ యుద్ధాల పాఠం చదివి, ఎవరు గెలిచారో ఎవరు ఓడారో అన్నీ రాసి మంచి మార్కులు తెచ్చుకుంది. నీ చున్నీ సంగతిగాని, ఆ ఏటి సంగతిగాని దానికి గుర్తే లేదు, నేను అడిగి చూశాను, అలాంటిదేమీ తెలియదంటుంది.

నా గుండె మీద బరువు దిగింది, నిజం చెప్పాలంటే దిగిన మరుక్షణం ఇంకొకటి ఎక్కింది. గుర్తే లేదా! అయితే మా పిన్ని అక్కడ కూడా తప్పిపోయిందన్నమాట. మేడమ్ టీ తాగకుండా గ్లాసు తిప్పుతూ కూర్చుంది. అది మర్చిపోయింది, నేనే మర్చిపోలేకపోతున్నాను అంది. బజారుకు వెళితే పిల్లల చెయ్యి వదలబుద్ధి కాదట, వాళ్ళు పెద్దవాళ్ళయ్యారు, సిగ్గుపడి విదిలించుకుంటారట. చివరికి తల ఎత్తి, "ఆ సంగతి నువ్వు దానికి కాదు, నాకు చెప్పాల్సింది" అంది. "అది పసిపిల్ల. తల్లిని నేను. మా అత్తగారికి తన చిన్నతనపు యుద్ధం తెలుసు, నీకు మీ అమ్మమ్మది తెలుసు, ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలియదు. ఎవరైనా చెప్పి ఉంటే దాన్ని ఆట అనేదాన్నా?"

ఆమె నన్ను తప్పుపట్టడానికి అనలేదు, అడిగింది. పసిదానికి చెప్పడం సులువు, అది నోరు తెరుచుకుని వింటుంది. ఈడొచ్చినవాళ్ళకు చెప్పాలంటే బిడియం, చదువుకున్నవాళ్ళకు మనమేం చెబుతామని జంకు, ఇప్పుడా గొడవలన్నీ ఎందుకంటారేమోనని మొహమాటం. మేమిద్దరం లేచి, ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోయాం. మళ్ళీ కలవలేదు.

బడిలో సైరన్ మోగిన వారం తర్వాత ఒక ఆదివారం, మనవడు బొమ్మలు వేయడం నేర్చుకునే చోటికి వెళ్ళినప్పుడు, కొడుకునూ కోడలినీ కూర్చోమన్నాను. ఏమిటో ఆస్తి సంగతి అనుకుని వాడు ఫోను పక్కన పెట్టాడు. మీ పిల్లాడికి చెప్పాలో వద్దో తర్వాత మీరే ఆలోచించుకోండి, ముందు మీరు వినండని, అమ్మమ్మ చెప్పింది అమ్మమ్మ చెప్పినట్టు, బహ్రెయిన్‌లో జరిగింది జరిగినట్టు చెప్పాను. మా అబ్బాయికి నలభై ఏళ్ళు. తీర్థంలో తన చేతికి కొంగు కట్టిన రోజులు వాడికి లీలగా గుర్తున్నాయట, అది అమ్మవారి మొక్కనే అనుకుంటున్నాడట ఇప్పటికీ. కోడలు లేచి వెళ్ళి, మనవడి టీచరమ్మకు ఫోను చేసి, దాన్ని ఆట అని చెప్పొద్దండి అంది. ఇంకేం చెప్పాలో తనకూ తెలియలేదట, ఆ ఒక్కమాటే చెప్పి పెట్టేసింది.

ఇప్పుడు ప్రపంచంలో ఏ మూల యుద్ధం జరిగినా వంటల వీడియోకూ చీరల వీడియోకూ మధ్య మన అరచేతిలోకి వచ్చేస్తోంది, ఎందరు పోయారో కింద అంకె వేసి మరీ చూపిస్తారు, వేలితో పైకి తోస్తే పోతుంది. ఆ రోజుల్లో మన పెద్దవాళ్ళు చూసినదాన్ని గుండెల్లో పెట్టి కుట్టేసుకున్నారు, చెబితే మళ్ళీ వస్తుందేమోనని భయపడ్డారేమో. అంత దాచుకోవడమూ మంచిది కాదు, ఇంత పారబోసుకోవడమూ మంచిది కాదు, ఈ రెంటికీ మధ్య ఎక్కడో మనిషికి మనిషి కూర్చుని చెప్పుకునే ఒక పద్ధతి ఉండాలి, అది మా తరానికి చేతకాలేదు.

ఫోను పెట్టేశాక కోడలు నా దగ్గరకొచ్చి కూర్చుని, అత్తయ్యా, ఆ పిల్ల పేరేమిటి అని అడిగింది. అమ్మమ్మ చిన్నపిల్ల, చిన్నపిల్ల అనే చెప్పింది, నేను అడగలేదు. అమ్మ బతికున్నన్నాళ్ళూ అమ్మనూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు.